పేరు మారింది, లాజిక్ మారలేదు

2023లో రాష్ట్రపతి భవన్ తోటలు అమృత్ ఉద్యాన్ అయ్యాయి. 2024లో దర్బార్ హాల్ గణతంత్ర మండపమైంది. వలస వాసన వదిలిందని చాలామంది చప్పట్లు కొట్టారు.

నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. వేరియబుల్ పేరు మార్చినంత మాత్రాన ప్రోగ్రామ్ మారదని మాకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

మరి ఆ 340 గదుల ఇంటి లాజిక్ ఏమిటి? వైస్రాయి అందరికంటే ఎత్తున ఉండాలి, అంతే. అందుకే రైసినా కొండ. లుట్యెన్స్ దాని మీద సాంచి స్తూపాన్ని తలపించే గుమ్మటం పెట్టాడు, ఛజ్జాలూ ఛత్రీలూ జాలీలూ అద్దాడు. మన వాస్తుకళంటే మాత్రం ఆయనకి చిన్నచూపే. మనవైన పేర్లు తగిలిస్తే చాలనుకోవడం కూడా అలాంటి అద్దకమే కదా?

ఆ కొత్త రాజధాని కోసం రైసినా, మాల్చా లాంటి ఊళ్ల భూముల్ని 1894 భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు. స్వతంత్రం వచ్చాక కూడా, 2013లో కొత్త చట్టం చేసుకునేదాకా, మనం వాడింది ఆ చట్టాన్నే. దాని వాసన ఎవరికీ రాలేదు!

లాజిక్‌ని నిజంగా ముట్టుకున్నది రాజాజీ. 1948లో గవర్నర్ జనరల్ అయ్యాక, వైస్రాయి పడకగది మరీ పెద్దదని, అతిథుల వైపున్న చిన్న గదుల్లోకి మారిపోయారు. రాష్ట్రపతులూ ఆ దారే పట్టారు.

మాల్చా ఇప్పుడు చాణక్యపురిలో ఒక ఖరీదైన రోడ్డు పేరు. పేర్లు పెట్టే సరదా ఇంకా తీరకపోతే, ఆ ఇంట్లో ఒక హాలుకి మాల్చా అని పెట్టండి. అప్పుడు నేనూ చప్పట్లు కొడతా.