జవాబు చెప్పని గురువు

1969లో కెనడాలోని హామిల్టన్ నగరంలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల తన తొలి తరగతిని ప్రారంభించింది. చేరినవారు 20 మంది. ముందు శాస్త్రాలు, ఆ తరువాత రోగి అన్న పాత క్రమాన్ని అక్కడ తలక్రిందులు చేశారు. చిన్న బృందానికి మొదట ఒక రోగి సమస్యను ఇస్తారు; దానిని విప్పుకొనే ప్రయత్నంలోనే విద్యార్థి శాస్త్రం నేర్చుకొంటాడు.

మరి, ఉపన్యాస వేదిక దిగివచ్చిన గురువు చేయవలసిన పని ఏమిటి?

ఒక ఉదాహరణ చూద్దాం. యాభై అయిదేళ్ళ స్త్రీకి నాలుగడుగులు వేస్తే ఆయాసం, సాయంకాలానికి పాదాల వాపు. "గుండె జబ్బు" అంటాడు ఒక విద్యార్థి, తడుముకోకుండా. గురువు అవునన్నా, కాదన్నా చర్చ అంతటితో ముగుస్తుంది. అందుచేత ఆయన, "ఏ లక్షణాన్ని బట్టి అలా అనుకొన్నావు?" అని అడుగుతాడు. మూత్రపిండాలు, కాలేయం చెడినా వాపు రాదా? తీవ్రమైన రక్తహీనత మాటేమిటి? వీటిని వేరుచేయడానికి ఇంకా ఏమి తెలియాలి? తమకు తెలియనిదేదో బృందమే వ్రాసుకొంటుంది. చదివి వచ్చి, మళ్ళీ ఆ రోగి దగ్గరికే చేరుతుంది.

మెక్‌మాస్టర్‌లో పనిచేసిన నరాల వైద్యనిపుణుడు హోవర్డ్ బారోస్ ఈ గురుధర్మాన్ని విపులంగా వివరించారు. విద్యార్థి తనకు తాను వేసుకోవలసిన ప్రశ్నలను తొలుత గురువు వేయాలి; అవి అలవాటైన కొలదీ గురువు వెనుకకు తగ్గాలి.

అయితే మౌనం వేరు, ఉదాసీనత వేరు. ఒక్కడే మాట్లాడుతూ తక్కినవారు తలలు వంచుకొన్నప్పుడు, పొరపాటు మాట సత్యంగా చెలామణి అవుతున్నప్పుడు గురువు కలుగజేసుకోవలసిందే. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిఖ్ట్‌కు చెందిన ష్మిట్, మౌస్ట్ అనే పరిశోధకులు 1995లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, విద్యార్థికి అందే భాషలో మాట్లాడగల గురువే సఫలుడవుతాడు; ఆ నేర్పుకు విషయజ్ఞానమూ కావాలి, విద్యార్థిపట్ల ఆదరమూ కావాలి.

భారతదేశంలో 2019లో అమలుకు వచ్చిన ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక కూడా చిన్న బృందాల చర్చకు చోటిచ్చింది. నూటయాభై మంది కూర్చునే తరగతిలో అది సులభం కాదు. ఉపన్యాసాలు వింటూ పెరిగిన అధ్యాపకునికి, నాలుక చివర ఉన్న జవాబును ఆపుకోవడం మరీ కష్టం.

కాని ఏదో ఒక రాత్రి, మారుమూల ఆసుపత్రిలో, ఆ విద్యార్థి ఒంటరిగా రోగి ఎదుట నిలబడవలసి వస్తుంది. అప్పుడు జవాబు అందించడానికి గురువు ప్రక్కన ఉండడు. "ఏ లక్షణాన్ని బట్టి?" అన్న ఆయన ప్రశ్న మాత్రం తోడుంటుంది.