బట్ట గురించి మాట్లాడుకుందాం

2025 మేలో హైదరాబాద్‌లో ప్రపంచ సుందరి పోటీలు జరుగుతుంటే మా ఆలూరులో టీవీల ముందు ఒకటే చర్చ. ఒకామె సన్నగా ఉందని, ఇంకొకామె పొట్టిగా ఉందని తేల్చేశారు. కట్టిన బట్ట మీద మాత్రం ‘మంచిగుంది’, ‘మంచిగ లేదు’తో సరి. నాకది నిజంగా బాధేసింది.

ఆ పోటీదారుల్లో కొందరు భూదాన్ పోచంపల్లి వెళ్లి మగ్గాలు చూసొచ్చారు. అక్కడ నేసే ఇక్కత్‌లో డిజైన్ నేతకు ముందే సిద్ధమవుతుంది. నూలును లెక్క ప్రకారం బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. రంగు మారినప్పుడల్లా విప్పడం, మళ్లీ కట్టడం. మగ్గమెక్కాక పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి గనుక పువ్వుల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. దాన్ని చూసి ‘రంగు కారింది’ అన్నవాళ్లున్నారు! ఆ చెదురే చేతిపని ఆనవాలు. బట్ట తిప్పి చూడండి: అసలుదైతే రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అచ్చు వేసిందైతే వెనక వెలవెలబోతుంది.

బట్ట గురించి నేను విన్నవాటిలో మేలైన మాట మా ఊళ్లో జాకెట్లు కుట్టే ఒక అక్కది. “కుట్టు కాడ పువ్వుకు పువ్వు కలిపిండ్రు చూడు. బట్ట మస్తు పోయుంటది” అంది.

అలాంటి చూపున్న కుట్టుపనివాళ్ల మాటలకే ఈ సంచికలో ఎక్కువ పేజీలిచ్చాం. మీరూ రాయండి. మనుషుల ఒళ్లు, రంగు మీద వ్యాఖ్యానించే ఉత్తరాలు మాత్రం ఇకపై అచ్చు వేయం.