మోకరించలేని ఏడాది



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘములోని ఒక తల్లి ఎమ్మారై కవరు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆమె కొడుకుకు ఇరవై ఆరేళ్లు. కబడ్డీ ఆడుతూ పడ్డాడు. మోకాలిలో గుజ్జు ఊడింది, ఆపరేషన్ చేయాలి అన్నారట డాక్టరు. "అయ్యగారూ, చేయించమంటారా? ప్రార్థన చేసుకొని ఊరుకోమంటారా?" అని అడిగారు. ఫిల్ము చూసి చెప్పే చదువు మాకు లేదు. కానీ ఆ ప్రశ్న మాకు కొత్త కాదు. రెండేళ్ల క్రితం మా ఇంట్లో దాదాపు పది నెలలు ఇదే ప్రశ్న వేసుకుంటూ కూర్చున్నాం. ఆ సాయంత్రం ఆమెకు చెప్పినదే, ఆమె అనుమతితో, ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాం. మోకాలు మాలో ఒకరిదే. నొప్పి, ఖర్చు, నిద్రలేని రాత్రులు ఇద్దరివీ. అందుకే "మా మోకాలు" అనే రాస్తున్నాం, నవ్వుకోకండి.

వానాకాలంలో పక్క ఊరి గృహకూటమికి వెళ్తూ కాలువ గట్టు మీద బండి జారింది. మోకాలు రాయికి కొట్టుకుంది. వాపు రెండు వారాల్లో తగ్గింది. దేవునికి స్తోత్రం చెప్పుకొని మరచిపోయాం. మూడు నెలల తర్వాత మెట్లు దిగుతుంటే లోపల ఏదో పట్టేసినట్టు ఉండేది. ఆదివారం మూడు ఆరాధనలు నిలబడి చేస్తే ఆ రాత్రికి మోకాలు ఉబ్బేది. వావిలాకు కాపడం పెట్టాం. ఉప్పు మూట కట్టాం. ఒక చోట ఫిల్ము ఏదీ తీయకుండానే గుజ్జు ఇంజెక్షన్ అని మూడుసార్లు పొడిచారు. పొడిచిన వారం బాగుండేది, తర్వాత మామూలే. చివరికి ఎమ్మారై తీయిస్తే అసలు సంగతి తెలిసింది.

మన ఊళ్లలో మోకాలు నొప్పి అంటే చాలు, "గుజ్జు అరిగింది" అనేస్తాం. ఈ ఒక్క మాటలో రెండు వేరు వేరు జబ్బులు కలిసిపోతున్నాయి. వయసు మీద పడి మోకాలంతా అరగడం ఒకటి. అది రోడ్డంతా పెచ్చులు లేచినట్టు. దెబ్బ తగిలి ఒకే చోట పెచ్చు ఊడి, చుట్టూ ఉన్నదంతా బాగుండటం ఇంకొకటి. అది మంచి రోడ్డు మీద ఒక్క గుంట. గుంట పూడ్చే ఆపరేషన్ రెండోవాళ్ల కోసమే. రోడ్డంతా పోయినవాళ్లకు అది పనికిరాదు. వాళ్లకు బరువు తగ్గించుకోవడం, తొడ కండరాలకు వ్యాయామం, మందులు, చివరికి అవసరమైతే కీలు మార్పిడి. సంఘములోని పెద్దవాళ్లు ఈ వ్యాసం చదివి ఆ ఆపరేషన్ మాకూ చేయించండి అని పిల్లల్ని తొందరపెట్టకండి. గుజ్జు మళ్లీ పెంచుతామని అమ్మే పొడులకు డబ్బు పోయకండి.

ఈ గుజ్జు, అంటే మృదులాస్థి, మోకాలిలో రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. దానిలో రక్తనాళాలు లేవు, నరాలు కూడా లేవు. నరాలు లేవు కాబట్టి మొదట నొప్పి తెలియదు. కింది ఎముక మీద భారం పడ్డాకే తెలుస్తుంది. రక్తం అందదు కాబట్టి చర్మం మానినట్టు దానంతట అది మానదు. విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే ఈ సంగతి రాశాడట. మేము కాపడాలతో పోగొట్టుకున్న నెలలు గుర్తొస్తే, మూడు వందల ఏళ్లకు దగ్గరపడుతున్న ఈ మాట మా ఊరికి ఇంకా చేరలేదే అనిపిస్తుంది.

ఎమ్మారై వచ్చాక సలహాలు కూడా వచ్చాయి. ఒకరు పుత్తూరు కట్టు కట్టించుకోమన్నారు. విరిగింది ఎముక కాదు కదా అని మేమే అనుకున్నాం. ఒకరు వెంటనే కోయించుకోండి, నెలలో పరుగెత్తుతారు అన్నారు. ఇంకొకరు, మేము ఎంతో గౌరవించే సేవకులు, "మీరే కత్తి దగ్గరికి వెళ్తే విశ్వాసులకు ఏం చెప్తారు?" అన్నారు. ఆ మాట మమ్మల్ని నిజంగా కుదిపింది. రెండు రాత్రులు మాట్లాడుకోలేకపోయాం.

మా సమాధానం ఇది. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అయినా యెషయా ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. ప్రార్థన, మందు ఒకే గదిలో ఉన్నాయి. మన గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లరమ్మగారు సువార్తను, వైద్యాన్ని వేరు చేసి చూడలేదు. 1898లో ఆమె ఆసుపత్రి తెరిచారు. ఆ గడప దాటిన మన తల్లులు, అమ్మమ్మలు విశ్వాసం పోగొట్టుకొని ఇంటికి రాలేదు. కాబట్టి ఆపరేషన్ చేయించుకోవడం అవిశ్వాసం అని ఎవరూ ఎవరి మీదా వేలు చూపవద్దు. అలాగే వద్దనుకున్నవాళ్లను పిరికివాళ్లు అనీ అనవద్దు.

అయితే మేము నేర్చుకున్న ముఖ్యమైన సంగతి వేరు. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని మేము అడిగినన్నాళ్లూ తప్పు ప్రశ్నే అడిగాం. గుంటూరులో మమ్మల్ని చూసిన డాక్టరుగారు దాన్ని సరిచేశారు. బల్ల మీద తన పని గంటలోపే అనీ, ఆ తర్వాత మా పని ఒక ఏడాది అనీ, ఆ ఏడాదికి సిద్ధమైతేనే రమ్మనీ చెప్పారు. నిర్ణయం ఆ గంట గురించి కాదు, ఆ ఏడాది గురించి. కత్తికి ఒప్పుకోవడానికి ఒక్క రోజు ధైర్యం చాలు. విశ్రాంతికి ఒప్పుకోవడానికి ప్రతి రోజూ కావాలి.

మా గుంట చూపుడు వేలి గోరంత, సుమారు ఒకటిన్నర చదరపు సెంటీమీటరు. అంత చిన్నదానికి ఎముకకు సన్నని రంధ్రాలు పెడతారు. లోపలి నుంచి రక్తం, మజ్జ కణాలు ఊరి ఆ గుంటలో గడ్డకట్టి, నెమ్మదిగా కొత్త పొర అవుతుంది. ఆ పొర పుట్టుకతో వచ్చిన గుజ్జంత గట్టిది కాదు. ఈ మాట ముందే చెప్పిన డాక్టరును నమ్మవచ్చు. గుంట పెద్దదైతే మోకాలిలో బరువు పడని చోటు నుంచి చిన్న కుదుళ్లు తీసి నాటడం ఒక పద్ధతి. మన గుజ్జు కణాలనే కొన్ని తీసి, ల్యాబులో కొన్ని వారాలు పెంచి, రెండో ఆపరేషన్‌లో అమర్చడం ఇంకొక పద్ధతి. దీన్ని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు 1994లో లోకానికి తెలియజేశారు. దానికి ఖర్చు చాలా ఎక్కువ. ఏది ఎవరికి అన్నది గుంట సైజు, వయసు, బరువు, కాలు వంకర ఉందా లేదా అన్నవాటిని బట్టి ఉంటుంది. పక్కింటివాళ్లకు ఏం చేశారన్నదాన్ని బట్టి కాదు.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఆ కాలు మీద బరువు మోపకూడదు. చంక కర్రలతో నడక. పడుకొని మడమను మంచం మీద జరుపుతూ మోకాలు మెల్లగా వంచాలి, చాపాలి. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టి మోకాలిని కిందికి నొక్కాలి. రోజుకు ఎన్నోసార్లు. బరువు వద్దు, కదలిక కావాలి. ఆ కదలికే కొత్త పొరకు ఆహారం. మా దొడ్డిలో ఉన్నది నేల మరుగుదొడ్డి. దాని మీద కూర్చోవడం ఎలా అన్నది ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. ఇంటికొచ్చిన మొదటి ఉదయమే ఆ కష్టం ఎదురైంది. ఒక సహోదరుడు మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గడపలో పెట్టి ఏమీ అనకుండా వెళ్లాడు. ఆ కుర్చీని మించిన కానుక ఈ పద్దెనిమిదేళ్ల సేవలో మాకు అందలేదు.

ఇప్పుడు మేము చేసిన తప్పు చెప్పాలి. మూడో వారంలో సంఘపు పెద్దాయన ఒకరు ప్రభువునందు నిద్రించారు. ఆయనే మాకు ఈ ఊళ్లో మొదట అన్నం పెట్టినవారు. యౌవనస్థులు మేము చూసుకుంటాం అన్నా వినలేదు. ఒక కర్ర ఇంట్లో వదిలేసి, ఒక్క కర్రతో సమాధి దగ్గర గంటసేపు నిలబడ్డాం. రెండు కాళ్ల మీదా. ఆ రాత్రికి మోకాలు కుండలా ఉబ్బింది. డాక్టరుగారు కోప్పడ్డారు. అప్పుడే నాటిన మడిలో నారు ఇంకా వేరు పట్టకముందే తొక్కుకుంటూ నడిస్తే ఏమవుతుందో అదే మేము చేశాం. ఆరు వారాల కర్రలు ఎనిమిదయ్యాయి.

ఎందుకు వెళ్లాం? ప్రేమతో అని అప్పుడు అనుకున్నాం. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. మేము లేకుండా భూస్థాపన జరిగిపోతే, మేము లేకపోయినా సంఘం నడుస్తుందని అందరికీ తెలిసిపోతుందేమో అన్న భయం లోపల ఉంది. సేవ అనే వస్త్రం కప్పుకొని మా గర్వమే ఆ రోజు సమాధి దాకా నడిచింది. కర్ర ఇంట్లో వదిలింది కూడా పదిమందిలో బలహీనంగా కనబడకూడదనే. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు పట్టుకున్నారని ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. పట్టుకునేవాళ్ల గురించే చెప్పాం. పట్టనిచ్చిన మోషే గురించి ఎన్నడూ చెప్పలేదు. ఆయన రాయి మీద కూర్చున్నాడు కూడా.

ఆ తర్వాత కూర్చోవడం నేర్చుకున్నాం. యౌవనస్థులు ఆరాధన నడిపారు, మాకంటే క్లుప్తంగా. సహోదరీలు వంతులు వేసుకొని క్యారియర్లు పంపారు. రెండో నెల దాటాక, వ్యాయామం నేర్పే అమ్మాయి సరే అన్నాక, పాత సైకిలుకు స్టాండు వేసి వెనక చక్రం గాలిలో తిరిగేలా రోజూ తొక్కాం. ఎక్కడికీ వెళ్లని ఆ సైకిలు మీద చేసినంత ప్రార్థన మోకాళ్ల మీద ఉన్న రోజుల్లో చేశామో లేదో!

ఇప్పుడు ఎలా ఉంది అని అడిగేవాళ్లకు నిజమే చెప్తాం. మెట్లు ఎక్కుతున్నాం, దిగుతున్నాం. బండి నడుపుతున్నాం. రాత్రి వాపు లేదు. పరుగెత్తం. గొంతుకూర్చోలేం. మోకరించాలంటే దిండు కావాలి, అదీ కొద్ది నిమిషాలే. కొన్నేళ్లకు ఆ పొర మళ్లీ అరగవచ్చునని తెలుసు. అయినా చేయించుకున్నందుకు విచారం లేదు. విచారమల్లా పోగొట్టుకున్న నెలల గురించీ, ఆ ఒక్క సాయంత్రం గురించీ.

కాబట్టి అమ్మా, మీ అబ్బాయి విషయంలో డాక్టరును ఇవి అడగండి. గుంట ఒకే చోట ఉందా, మోకాలంతా ఉందా? దాని సైజు ఎంత? ఆపరేషన్ లేకుండా వ్యాయామంతో కొన్నాళ్లు చూడవచ్చా? ఏ పద్ధతి, ఎందుకు? ఎన్ని వారాలు కాలు మోపకూడదు? మళ్లీ పొలం పనికి, ఆటకు ఎన్ని నెలలు? ప్రభుత్వ వైద్యసేవ కింద వస్తుందో రాదో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఆపరేషన్ తర్వాత పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా, ఊపిరి కష్టమైనా ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకెళ్లండి.

సంఘమునకు కూడా ఒక మాట. ఆ అబ్బాయి కూలికి వెళ్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మాకు ఆరు వారాలు విశ్రాంతి దొరికింది మీరు పెట్టారు కాబట్టి. అయ్యగారికి క్యారియర్ పంపిన చేతులు కూలి బిడ్డకూ పంపాలి. ఆ ఇంటికి ఆరు వారాల బియ్యం మనం మోయకపోతే, ఆ అబ్బాయి మూడో వారంలోనే కాలు మోపుతాడు. గర్వంతో కాదు, ఆకలితో. అప్పుడు చెడిపోయేది ఆ మోకాలొక్కటే కాదు, మన సాక్ష్యం కూడా. వచ్చే ఆదివారం మందిరంలో ఒక బియ్యం సంచి తెరిచి పెడతాం. వెనక వరుసలో పది కుర్చీలూ వేస్తాం. కింద కూర్చోలేనివాళ్లు సిగ్గుపడకుండా వాటి మీద కూర్చోండి. మొదటి కుర్చీలో మేమే కూర్చుంటాం.

మీ ప్రార్థనలలో ఆ తల్లిని, బిడ్డను జ్ఞాపకము చేసుకొనండి. ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.