ముందు లెక్క, తర్వాతే మెరుపులు

సెలవుల్లో ఇంటికెళ్తే సెల్‌ఫోన్‌లో గేమ్ ఆడని హాస్టల్ విద్యార్థి లేడంటే అతిశయోక్తి కాదు. కానీ ఆ గేమ్ ఎలా తయారవుతుందని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "అది లక్షలు పోసి నేర్చుకునే కోర్సు. ఇంగ్లీషు మీడియం వాళ్ల పని. మనకెందుకు?" ఈ జవాబు తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

మేము ఇలాంటి హాస్టళ్లలో ఉండే చదువుకున్నాం. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి తరం మాదే. ఇప్పుడు పి.జి. చదువుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా గేమ్ తయారీలో రెండు భాగాలు నేర్చుకుంటున్నాం. ఒకటి ఫిజిక్స్. అంటే వస్తువు ఎలా పడాలి, ఎలా గుద్దుకోవాలి, ఎక్కడ ఆగాలి అనేది. రెండోది విజువల్ ఎఫెక్ట్స్. అంటే పొగ, దుమ్ము, నిప్పురవ్వలు, పేలుడు. మేమింకా మొదటి మెట్ల మీదే ఉన్నాం. అయినా ఒక్క మాట గట్టిగా చెప్పగలం. ఈ విద్యలో సగం మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు తయారుచేసిన 'స్పేస్‌వార్' తొలి కంప్యూటర్ గేముల్లో ఒకటి. అందులో తెర మధ్యనున్న నక్షత్రం చుట్టూ తిరిగే నౌకలను తన వైపు లాగుతుంది. అది న్యూటన్ చెప్పిన గురుత్వాకర్షణే. 2009లో వచ్చిన 'యాంగ్రీ బర్డ్స్'లో పిట్ట ఎగిరే దారి మనం పరీక్షలో గీసే ప్రక్షేపక మార్గమే.

మరి మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు? పేర్ల దగ్గర. సాఫ్ట్‌వేర్ తెరవగానే వెక్టర్, వెలాసిటీ, ఫ్రిక్షన్, రెస్టిట్యూషన్ అని కనిపిస్తాయి. అవి మనం చదివిన సదిశ, వేగం, ఘర్షణ, ప్రత్యావస్థాన గుణకమే. మనకు రానిది విషయం కాదు, దాని ఇంగ్లీషు పేరు. పేరు నేర్చుకోవడానికి ఒక వారం చాలు. విషయం నేర్చుకోవడానికి రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లు మనం ఇప్పటికే చదివేశాం.

కంప్యూటర్ లేకపోయినా ఈ విద్య మొదలుపెట్టవచ్చు. ఒక రాయిని పైనుంచి వదిలితే సెకనులో 4.9 మీటర్లు పడుతుందని మన సూత్రం చెబుతుంది. గేమ్ ఈ సూత్రాన్ని ఒకేసారి వాడదు. కాలాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి లెక్క కడుతుంది. మీరూ నోట్‌బుక్‌లో చేసి చూడండి. సెకనును 10 ముక్కలు చేయండి. ప్రతి ముక్కలో వేగానికి 0.98 కలపండి. ఆ వచ్చిన వేగాన్ని 0.1తో గుణించి దూరానికి కలపండి. చివరకు 5.39 మీటర్లు వస్తుంది. అదే 60 ముక్కలు చేస్తే 4.98 వస్తుంది. ముక్క చిన్నదయ్యే కొద్దీ అసలు జవాబుకు దగ్గరవుతాం. గేములు సాధారణంగా సెకనుకు 60 సార్లు ఈ లెక్క చేస్తాయి. ఇది అర్థమైతే ఫిజిక్స్ ఇంజన్ అనే మాటకు భయపడనక్కర్లేదు.

మొదటి గేమ్‌గా ఏం చేయాలి? మా అభిప్రాయంలో గోలీలాట. కార్లు, తుపాకులు తర్వాత చూసుకోవచ్చు. ఒక గోలీ సూటిగా వెళ్లి అంతే బరువున్న మరో గోలీని కొడితే, కొట్టింది దాదాపు ఆగిపోతుంది, తగిలింది దూసుకుపోతుంది. అభిఘాతాల పాఠంలో ఉన్నది ఇదే. మట్టి నేల మీద గోలీ త్వరగా ఆగిపోతుంది, గచ్చు మీద దూరం పోతుంది. అది ఘర్షణ. వీధిలో మన చేతివేళ్లకు తెలిసిన ఈ సంగతికి అంకెలు కట్టడమే మనం చేయాల్సిన పని. పైగా మన వీధి ఆటలను గేములుగా మనం తప్ప ఇంకెవరు తయారుచేస్తారు?

ఎఫెక్ట్స్ కూడా ఇదే లెక్క మీద నిలబడ్డాయి. 1982లో వచ్చిన 'స్టార్ ట్రెక్' రెండో సినిమాలో ఒక గ్రహాన్ని నిప్పు చుట్టుముట్టే దృశ్యం ఉంది. దానికోసం విలియం రీవ్స్ వాడిన పద్ధతిని పార్టికల్ సిస్టమ్ అంటారు. మంటను ఒకే బొమ్మగా గీయకుండా వేల కణాలుగా పుట్టిస్తారు. ఒక్కో కణానికి వేగం, రంగు, ఆయుష్షు ఇస్తారు. నిప్పురవ్వకు గురుత్వం కిందికి ఇస్తాం. పొగకు పైకి నడక ఇచ్చి, మెల్లగా మాయం చేస్తాం. ఇప్పటికీ గేముల్లో చాలావరకు పొగ, దుమ్ము ఇలాగే పుడతాయి.

అందుకే మెరుపులతో మొదలుపెట్టవద్దంటున్నాం. రెడీమేడ్ పేలుడును ఎవరైనా తగిలించవచ్చు. కానీ సెకనుకు 600 మీటర్లు పోయే తూటా, 60 ముక్కల లెక్కలో ఒక్కో ముక్కకు 10 మీటర్లు దూకుతుంది. మధ్యలో జానెడు గోడ ఉంటే అది గేమ్‌కు కనిపించనే కనిపించదు. తూటా గోడ దాటిపోతుంది. అప్పుడు ఏ పేలుడూ మనల్ని కాపాడదు. లెక్క తెలిసినవాడు మాత్రం దారి మొత్తాన్ని పరీక్షించి సరిచేస్తాడు.

ఇక డబ్బు సంగతి. 'ఈగ', 'బాహుబలి' చూసి ఉత్సాహపడి, తల్లిదండ్రుల కూలి డబ్బు తెచ్చి ఏదో ఒక కోర్సులో కట్టాలనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు. ఆగి ఆలోచించండి. బ్లెండర్ 2002 నుంచి, గోడో 2014 నుంచి ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఉచితం. ఆరు నెలలు వీటితో పని చేశాక కూడా ఆసక్తి నిలిస్తే, అప్పుడు కోర్సు గురించి ఆలోచించవచ్చు. ఉద్యోగం ఖాయమని ఎవరు చెప్పినా నమ్మవద్దు. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాకు 2013 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ పని చేసిన ప్రధాన సంస్థ రిథమ్ అండ్ హ్యూస్ అదే నెలలో దివాలా పిటిషన్ వేసింది. దానికి మన హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. కంపెనీలు పోతాయి, సాఫ్ట్‌వేర్లు మారతాయి. లెక్క మాత్రం మన దగ్గరే ఉంటుంది. కాబట్టి డిగ్రీ మానేసి ఇటు రావద్దు, డిగ్రీతో పాటు నేర్చుకోండి.

"కడుపు నింపే చదువు వదిలి ఆటలేమిటి?" అని పెద్దలు అడుగుతారు. వారి భయం న్యాయమైనదే. కానీ సూత్రం బట్టీ పట్టిన పిల్లవాడు, అదే సూత్రంతో తెర మీద బంతిని ఎగిరించిన రోజున ఫిజిక్స్‌కు భయపడటం మానేస్తాడు. ఆ ధైర్యం ఈఏపీసెట్‌కూ పనికొస్తుంది, ఎం.ఎస్సీ.కీ పనికొస్తుంది.

చివరగా రెండు విన్నపాలు. మేము చూసిన ఒక హాస్టల్లో కంప్యూటర్ గది తాళం తనిఖీ రోజున మాత్రమే తీసేవారు. అలాంటి గది ఎక్కడున్నా రాత్రి స్టడీ అవర్ తర్వాత ఒక్క గంట తెరిచి ఉంచాలి. పాడవుతాయని దాచిన కంప్యూటర్లు దాచిన చోటే పాతబడిపోతున్నాయి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులైన అన్నలూ అక్కలూ, మీరు పక్కన పెట్టేసిన ల్యాప్‌టాప్ ఒకటి హాస్టల్‌కు ఇవ్వండి. వీలైతే నెలకొక ఆదివారం వచ్చి కూర్చోండి. వచ్చే వార్షికోత్సవానికి మన పిల్లలు తయారుచేసిన గోలీలాటను స్టేజీ మీద అందరం కలిసి ఆడదాం.