గేటు వేస్తే గ్యాలరీ మారుతుందా?

తెలంగాణ స్పోర్ట్స్ హబ్ బోర్డు ఛైర్మన్ సంజీవ్ గోయెంకా గారికి,

మీకు తెలుగు వచ్చో రాదో తెలియదు. కో-ఛైర్‌పర్సన్‌గా ఉపాసన గారు ఉన్నారు కనుక ఎవరో ఒకరు చదివి వినిపిస్తారన్న నమ్మకంతో బాసర నుంచి రాస్తున్నాను.

మా వైపు ఒక కాలేజీలో, పేరు ఇక్కడెందుకు లెండి, మొన్న ఆడపిల్లల వాలీబాల్ పోటీలు పెట్టారు. కోర్టు పక్కన చేరిన పోరగాళ్ల గుంపు ఒకటి సర్వీసుకు వచ్చిన ప్రతి అమ్మాయికీ ఓ పేరు తగిలించింది. రంగు మీద, లావు మీద, వేసుకున్న షార్ట్స్ మీద కామెంట్లు. బంతి చేజారితే ఈలలు, కింద పడితే ఇంకా పెద్ద ఈలలు. రెండోసారీ సర్వీస్ నెట్‌కు తగిలేసరికి ఒకమ్మాయి ఏడుస్తూ బయటికొచ్చేసింది. రిఫరీ చూశాడు. ఫిజికల్ డైరెక్టర్ చూశారు. ముందు వరుస సోఫాల్లో కూర్చున్న పెద్దలూ చూశారు, ఒకాయనైతే నవ్వారు. ఆ జట్టులో మా బిడ్డ కూడా ఉంది.

అంతవరకైతే ఊరుకునేవాణ్ని, ఇలాంటివి కొత్తవా! ఆ తర్వాత కాలేజీవాళ్లు తీసుకున్న నిర్ణయమే ఈ లేఖ రాయిస్తోంది. ఇకమీదట ఆడపిల్లల మ్యాచ్‌లు పొద్దున్నే, గేటు వేసి, చూసేవాళ్లెవరూ లేకుండా ఆడిస్తారట. మగపిల్లల ఫైనల్ మాత్రం ఎప్పటిలాగే సాయంత్రం, మైకులతో, డీజేతో. కూతలు కూసినవాళ్లకు గ్యాలరీ, ఆడినవాళ్లకు మూసిన గేటు. ఇదెక్కడి న్యాయమండీ?

ఇక్కడికి నిజామాబాద్ గంట ప్రయాణం. నిఖత్ జరీన్ ఆ ఊరి ఆడబిడ్డే. ఆడపిల్లకు షార్ట్స్ ఏంటి, బాక్సింగ్ ఏంటి అన్నవాళ్లను దాటుకునే 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన గుగులోతు సౌమ్యదీ ఆ జిల్లాయే. గెలిచి వచ్చాక దండలు వేయడానికి అందరం ముందుంటాం. గెలవకముందు వీళ్లనూ జనం కంటపడకుండా దాచి ఆడించమంటారా?

జనం తీరు గురించి మీకు నేను చెప్పాలా? 2023 మే 13న ఉప్పల్‌లో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌లో దెబ్బ తిన్నది మీ లక్నో జట్టే. ఫీల్డ్ అంపైర్ ఇచ్చిన నోబాల్‌ను థర్డ్ అంపైర్ కాదన్నందుకు మన ప్రేక్షకులు నట్లు, బోల్టులు విసిరారు. లాంగాన్‌లో ఫీల్డింగ్ చేస్తున్న ప్రేరక్ మన్కడ్ తలకు తగిలిందని మీ ఫీల్డింగ్ కోచ్ జాంటీ రోడ్సే చెప్పారు. ఆట కాసేపు ఆగింది. హైదరాబాద్ జట్టు తరఫున ఆడిన క్లాసెన్ కూడా సొంత ప్రేక్షకులు నిరాశపరిచారన్నాడు. అంపైర్లను విమర్శించినందుకు అతనికి మ్యాచ్ ఫీజులో 10 శాతం కోత పడింది. మరి నట్లు విసిరినవాళ్లకు ఏం పడింది?

మరో మాట. కోపగించుకోకండి. మరుసటి ఏడాది మే 8న అదే ఉప్పల్‌లో హైదరాబాద్ 166 పరుగుల లక్ష్యాన్ని 9.4 ఓవర్లలో కొట్టేశాక, మీరు అప్పటి మీ కెప్టెన్ కేఎల్ రాహుల్‌తో మైదానంలోనే ఆవేశంగా మాట్లాడటం కెమెరాల్లో దేశమంతా చూసింది. ఏమన్నారో మాకు వినిపించలేదు. కానీ ఓడిన ఆటగాడితో నలుగురిలో ఎలా ఉండాలో కాలేజీ కుర్రాళ్లు ఎవర్ని చూసి నేర్చుకోవాలి సార్?

కుర్రతనం అంతేనని సర్దిచెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. 2022 జూన్‌లో మా బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు తమ డిమాండ్ల కోసం వారం రోజులు ఎండనక వాననక కూర్చున్నారు. వేల మంది. పదో తరగతి కాగానే వచ్చి చేరిన పిల్లలు. వరసల్లో కూర్చున్నారు, వాళ్లను వాళ్లే అదుపులో పెట్టుకున్నారు. ఆ వయసువాళ్లే వాలీబాల్ కోర్టు పక్కన ఎందుకలా మారిపోతారు? అక్కడ అదుపు తప్పకుండా చూసుకునే పని తమదేనని వాళ్లకు తెలుసు. ఇక్కడ వాళ్లకు ఏ పనీ అప్పగించలేదు. గ్యాలరీ బాధ్యత సీనియర్ విద్యార్థులకు ఎవరైనా ఇచ్చి చూశారా? హద్దు దాటిన గుంపును బయటికి పంపి, ఆట ఆపి, మళ్లీ మొదలుపెట్టిన రిఫరీ మా జిల్లాల్లో ఒక్కడైనా ఉన్నాడా? అతిథుల శాలువాలకు దొరికే సమయం, మ్యాచ్‌కు ముందు రెండు ముక్కలు చెప్పడానికి దొరకదా?

2025లో మీ బోర్డు వేసినప్పుడు ఒలింపిక్స్, అకాడమీలు, పెట్టుబడుల గురించి పేపర్లలో చాలా చదివాను. చూసేవాడి గురించి ఒక్క ముక్క నా కంటపడలేదు. మీ బోర్డులో కపిల్ దేవ్ ఉన్నారు, బింద్రా ఉన్నారు, సన్‌రైజర్స్ కావ్య మారన్ ఉన్నారు. జనం మధ్య ఆడటమంటే ఏమిటో మీలో తెలియనివాళ్లెవరు?

ఏ రూపంలో చేస్తారో నాకు తెలియదు. నియమం పెడతారో, కాలేజీలకు ఉత్తరం రాస్తారో మీ ఇష్టం. కానీ మా ఆడపిల్లల్ని సాయంత్రం పూట, జనం ముందే ఆడనివ్వండి. దానికి ఏం కావాలో అది చేయండి.

ఇట్లు,
ఒక వాలీబాల్ క్రీడాకారిణి తండ్రి,
బాసర