ఉన్ని దుస్తుల పెట్టెలో కలరా ఉండలు వద్దు

మన నెల్లూరు తీరంలో ఉన్ని దుస్తులతో పని ఏడాదికి నాలుగైదు వారాలే. ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసి, తెల్లవారుజామున మంచు పట్టే మార్గశిర పుష్య మాసాలలోనో, తిరుమల కొండకు ప్రయాణమైనప్పుడో స్వెట్టరు బయటికి వస్తుంది. తక్కిన కాలమంతా బీరువాలోనో ట్రంకుపెట్టెలోనో ఉంటుంది. ఇంత పేరున్న నెల్లూరు గొర్రెకు ఉన్నే ఉండదు. అది వెంట్రుకల జాతి, మాంసానికి పెంచేది. దక్కను గొర్రె ఉన్నితో గొంగళ్లు నేసుకున్న ప్రాంతాలవారికి ఉన్నితో ఉన్న పరిచయం మనకు లేదు. అందుచేత మనకు అబ్బిన విద్య ఒక్కటే: నాలుగు కలరా ఉండలు వేసి మూత పెట్టడం. ఈ అలవాటును, ముఖ్యంగా పసిబిడ్డలున్న ఇళ్లలో, పూర్తిగా మానుకోవాలని నా అభిప్రాయం.

పేరు చూసి మోసపోవద్దు. కలరా కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వచ్చే వ్యాధి. దానికీ ఈ ఉండలకూ ఏ సంబంధమూ లేదు. ఇవి నాఫ్తలీన్ అనే రసాయనంతో చేసినవి. గది వేడికే కరగకుండా నేరుగా ఆవిరైపోతాయి. ఉండ నానాటికీ చిన్నదవుతున్నదంటే, తరిగినదంతా మీ బట్టలలోకీ, గదిలోని గాలిలోకీ చేరిందన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో నాఫ్తలీన్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో చేర్చింది. అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అది కాదు.

మన ఎర్ర రక్తకణాలలో జి6పిడి అనే ఎంజైము ఉంటుంది. కొన్ని రసాయనాల దాడి నుండి కణాన్ని కాపాడేది అదే. కొందరికి అది పుట్టుకతోనే తక్కువ. ఈ లోపం ఎక్కువగా మగపిల్లలలో కనిపిస్తుంది. మామూలు రోజుల్లో వారికి ఏ బాధా ఉండదు కనుక లోపమున్నట్లు తల్లిదండ్రులకు తెలియదు. అటువంటి శిశువుకు ఏడాదిపాటు కలరా ఉండల మధ్య దాచిన స్వెట్టరు తొడిగితే, ఆ ఆవిరి శ్వాస ద్వారా, చర్మం ద్వారా లోపలికి వెళ్లి ఎర్ర కణాలను చితకగొట్టవచ్చు. ఒంటికి నూనె రాసి ఉంటే చర్మం దానిని మరింత సులువుగా పీల్చుకుంటుంది. మన ఇళ్లలో జరిగేదేమిటి? బిడ్డకు నూనె మర్దన, స్నానం, సాంబ్రాణి పొగ, ఆపైన పెట్టెలోంచి అప్పుడే తీసిన టోపీ, మేజోళ్లు! కణాలు చితికితే పచ్చకామెర్లు ముదురుతాయి. నవజాత శిశువు కాలేయం ఆ భారాన్ని తట్టుకోలేదు. బిలిరుబిన్ మెదడుకు చేరితే వినికిడి పోవచ్చు, కాలుసేతులు స్వాధీనం తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు.

“మా అమ్మమ్మ కాలం నుండీ వాడుతున్నాం, మాకేమీ కాలేదే” అనేవారున్నారు. లోపం లేనివారికి సాధారణంగా ఏమీ కాదు, నిజమే. మీ ఇంట రేపు పుట్టబోయే బిడ్డకు ఆ లోపం లేదని మాత్రం ముందుగా చెప్పగలిగేవారెవరు?

పోనీ, ఇంత ప్రమాదానికి ఓర్చి వాడితే దుస్తులు దక్కుతాయా అంటే, అదీ అంతంత మాత్రమే. బిగుతుగా మూసిన డబ్బాలో ఆవిరి దట్టంగా నిండితేనే పురుగు చస్తుంది. సందులున్న బీరువాలో పురుగును చంపేటంత ఆవిరి నిలవదు, మన ముక్కుకు చేరేటంత మాత్రం ఉంటుంది. పైగా సముద్రపు తేమ గాలిలో మన ఉన్నికి పెద్ద శత్రువు బూజు. దానిని ఈ ఉండలు ఆపలేవు.

అసలు ఉన్నిని తినేది చిమ్మెట కాదు, దాని పిల్లపురుగు. చెమట, నూనె, అన్నం మరకలున్న చోటనే అది ముందుగా కొరుకుతుంది. కాబట్టి దాచేముందు ఉతకడమే సగం రక్షణ. ఉన్ని కూడా మన జుట్టులాగే కెరటిన్ అనే మాంసకృత్తు. జుట్టుకు ఏది మంచిదో దానికీ అదే మంచిది: పలుచని కుంకుడుకాయ రసం, లేదా కాస్త షాంపూ. ఎంజైములున్న బట్టల పొడి ఉన్ని పోగునే తినివేస్తుంది. బ్లీచింగు ద్రావణం కరిగించివేస్తుంది. వేడినీటిలో వేసి నలిపితే పోగు మీది పొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుని, పెద్దవారి స్వెట్టరు మనవడికి సరిపోయేంతవుతుంది. ఉప్పుబోరు నీరు కాక మంచినీటిలో, చల్లగా, పది నిమిషాలు ముంచి మెల్లగా అదిమితే చాలు. పిండకూడదు. తువ్వాలులో చుట్టి నీరు తీసి, నులకమంచం మీద నీడన పరచి ఆరబెట్టండి. తడి బరువుకు సాగిపోతుంది కనుక దండెం మీద వేలాడదీయకండి. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తోస్తుంది. ఆరిందనుకున్నాక మరో రోజు ఆరనివ్వండి. సాయంత్రం కడలిగాలి తిరిగేలోగా ఇంట్లోకి తీసుకోండి.

తరువాత మడిచి, గాలి చొరని మూతగల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. వేసవిలో రెండుసార్లు తీసి కాసేపు ఎండ చూపి, దులపండి. అమెరికా నుండి పిల్లలు పంపే కాశ్మీరు మేక ఉన్ని స్వెట్టరు మరీ సున్నితం. దాని పోగు మన వెంట్రుకలో మూడోవంతు మందం కూడా ఉండదు. దానికి పురుగు పట్టిందని అనుమానముంటే సంచిలో గట్టిగా కట్టి ఫ్రిజ్ పైఅరలో, మంచు గడ్డకట్టే చోట, రెండు వారాలుంచండి.

కలరా ఉండలు మానేసి కర్పూరం వేస్తామంటే, అదీ వద్దు. కొద్దిగా మింగినా పిల్లలకు మూర్ఛ వస్తుంది. కలరా ఉండ తెల్లని చక్కెర బిళ్లలా కనిపిస్తుంది. పిల్లవాడు మింగితే ఉప్పునీరు పోసి వాంతి చేయించకండి, పాలు గాని నూనె గాని పట్టకండి. కొవ్వుతో విషం త్వరగా రక్తంలో కలుస్తుంది. మిగిలిన ఉండలు చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, లేదా 108కి ఫోను చేయండి. బిడ్డ బాగున్నట్లు కనిపించినా వెళ్లండి, ఎందుకంటే కణాలు చితకడం ఒకటి రెండు రోజుల తరువాత గాని బయటపడకపోవచ్చు. అప్పుడు మూత్రం టీ డికాక్షను రంగులోకి మారుతుంది, ముఖం పాలిపోతుంది.

ఇప్పటికే ఉండల మధ్య ఉన్న దుస్తులను వారం రోజులు ఆరుబయట గాలికి ఉంచి, ఉతికి, వాసన పూర్తిగా పోయాక పెద్దలు వేసుకోవచ్చు. చంటిబిడ్డకు మాత్రం ఆ పెట్టెలోని బట్టలు వద్దు. కొత్త నూలు బట్టలు రెండు పొరలు తొడిగితే మన చలికి చాలు.