చూసి వేస్తే తప్పేంటి?

'బొమ్మలు వేయాలని నాకు చిన్నప్పట్నుంచీ కోరికండీ. కానీ చూసి వేయడమే తప్ప సొంతంగా రాదు...' నాతో ఈ మాట అన్న ఆడవాళ్లు ఎంతమందో! 'చూసి వేయడమే' అనే దగ్గర గొంతు తగ్గిపోతుంది, అదేదో దొంగపని అన్నట్టు. పరీక్షలో పక్కవాళ్ల పేపరు చూసి రాయడం తప్పు. బొమ్మ నేర్చుకోవడానికి బొమ్మను చూడకపోతే ఇంకేం చూస్తాం?

వాన్ గో పేరు వినే ఉంటారు. ఆయన చిత్రకారుడిగా స్థిరపడాలనుకున్నది 1880లో, 27వ ఏట. పారిస్‌లో ఉండగా వందల కొద్దీ జపాన్ బొమ్మలు కొని పోగేశాడు. 1887లో, 34 ఏళ్ల వయసులో, వాటిలో ఒక తోట బొమ్మను ముందు పెట్టుకుని చూసి వేశాడు. అసలు బొమ్మ హిరోషిగె 1857లో చేసింది. ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, కమెయిదో అనే చోట ఉన్న ప్లమ్ తోట అది. వాన్ గో పల్చటి కాగితం మీద ఆ గీతలన్నీ దించుకుని, దానిమీద గళ్లు కొట్టి, గడికి గడి లెక్కన కాన్వాసు మీద పెద్దది చేశాడు. ఆ గళ్ల కాగితం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరిటే ఉన్న మ్యూజియంలో భద్రంగా ఉంది. చుక్కలు లెక్కపెట్టి ముగ్గేసే చేతులకి ఈ పద్ధతి కొత్తేం కాదు, ఏమంటారు?

ఈమధ్య ఆ తోటనే నేనూ మొదలుపెట్టాను. తోట బొమ్మ అనగానే మనకు అలవాటైనవి మధ్యలో చెట్టు, పక్కన ఇల్లు, వెనక రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు. హిరోషిగె అలా వేయలేదు. చెట్టును తెచ్చి మన ముక్కు ముందు నిలబెట్టాడు. దాని కొమ్మలు కాగితం అంచు దగ్గర తెగిపోయి ఉంటాయి. తోట చూడవచ్చిన జనం ఆ కొమ్మల సందుల్లోంచి చీమల్లా కనిపిస్తారు. ఈ బొమ్మ అచ్చులో ఎన్నోసార్లు చూశాను గానీ, గళ్లు కొట్టుకుని ఒక్కో గడీ వేస్తుంటేనే కొమ్మకీ కొమ్మకీ మధ్య వదిలిన ఖాళీకి కూడా ఒక ఆకారం ఉందని తెలిసింది. ఆ ఖాళీని సరిగ్గా గీస్తే కొమ్మ దానంతటదే వంపు తిరుగుతుంది!

'ఎందుకివన్నీ, అమ్ముతావా ఏంటి?' అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు. ఆదివారం పొద్దున్నే బ్యాటు పట్టుకుని పోయే మగపిల్లల్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. వారానికి రెండు గంటలు డైనింగ్ టేబుల్ మీద ఓ మూల మీదని చెప్పేయండి. లెక్కలు తర్వాత.

మరో అనుమానం - చూసి వేస్తుంటే మనదంటూ ఏం మిగులుతుందని. అంత బుద్ధిగా గళ్లు కొట్టుకున్న వాన్ గో, రంగుల దగ్గరికొచ్చేసరికి అసలు బొమ్మలోని నలుపు, బూడిద రంగుల కాండాన్ని ఎరుపు, నీలాల్లోకి మార్చేశాడు. రెండు పక్కలా నారింజ రంగు పట్టీలు చేర్చి, వాటిమీద జపాన్ అక్షరాలు కూడా వేశాడు. ఇప్పుడా రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఎవరిదేదో పసిపిల్లలైనా చెప్పేస్తారు. అయితే మీ బొమ్మను గోడకి తగిలించేటప్పుడు మాత్రం మీ పేరు పక్కన 'హిరోషిగె బొమ్మ చూసి' అని రాయండి. అది మర్యాద.

మొదటిసారే చెట్టు జోలికి పోకుండా ఆకాశం ఒక్కటే వేసి చూడండి. పైన ఎర్రగా మొదలై, దిగుతున్నకొద్దీ పలచబడి తెల్లగా అయిపోయే ఆకాశం అది. జపాన్ అచ్చు పనివాళ్లు చెక్క అచ్చు మీద రంగును తడితో పలచన చేసి ఇది సాధించేవారు. దాన్ని బొకాషి అంటారు. మనం మందపాటి డ్రాయింగ్ కాగితాన్ని ముందు తడిపి, పై అంచున వాటర్ కలర్ ఎరుపు పెట్టి, శుభ్రమైన తడి బ్రష్‌తో కిందికి లాగితే చాలు. పూర్తిగా ఆరాకే కొమ్మలు మొదలుపెట్టండి. తెల్లపూలు అన్నిటికన్నా చివర, చిక్కటి పోస్టర్ కలర్‌తో.